పాలు మాన్పించమన్నావు కదా, అమ్మా

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. చంటిదానికి జలుబు పూర్తిగా తగ్గింది, నాన్నగారిని కంగారు పడవద్దని చెప్పు. ఆదివారం ఫోనులో నువ్వన్న మాటకు అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. ఒక పక్క పిల్ల ఏడుస్తోంది, పైగా నోరు విప్పితే నాకూ ఏడుపు వచ్చేలా ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగానికి వెళ్తూ ఈ తిప్పలెందుకు, పాలు మాన్పించి పోతపాలు అలవాటు చెయ్యి అన్నావు. నా కళ్ళ కింద నలుపు చూసి అన్నావని నాకు తెలుసు. అయినా ఇప్పుడే మాన్పించను. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

ఆఫీసు పని గురించి రాయడానికి ఏమీ లేదు. పాత ప్రాజెక్టే, పాత మనుషులే. సెలవు సంగతి నీకు తెలిసిందే. అమెరికాలో దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. పిల్లకు మూడో నెల నిండుతూనే నేను వెళ్ళవలసి వచ్చింది. పచ్చి బాలింత బిడ్డను పరాయి మనిషి చేతిలో పెట్టి పోయిందని పెద్దత్తయ్య అన్నారట, తమ్ముడు నోరుజారి చెప్పాడు. మా ఆయన రెండు వారాలకే ఆఫీసుకు వెళ్తే ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి బాధించింది.

నన్ను నిలబెట్టింది ఆఫీసులోని ఒక చిన్న గది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక ప్లగ్గు, లోపలి నుంచి వేసుకునే గడియ, అంతే. బిడ్డకు ఏడాది వచ్చేదాకా, పాలు పిండుకోవలసి వచ్చినప్పుడల్లా తల్లికి విరామం ఇవ్వాలని, ఎవరి కంటా పడని, ఎవరూ తోసుకుని రాని చోటు చూపించాలని, ఆ చోటు బాత్రూము కాకూడదని ఇక్కడి చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. 2010లో వచ్చినప్పుడు అది ఎక్కువగా గంటల లెక్కన జీతం తీసుకునే వారికే వర్తించేది. 2022 చివర్లో సవరించిన తరువాత నాలాంటి నెలజీతం వాళ్ళకూ, టీచర్లకూ, నర్సులకూ కూడా వర్తిస్తోంది. టీచర్లు అన్న మాట చదవగానే నువ్వే గుర్తొచ్చావు. తమ్ముడు చంటివాడుగా ఉన్నప్పుడు పాఠం మధ్యలో పాలు చేపుకొస్తే, పమిట నిండుగా కప్పుకుని నల్లబల్ల వైపు తిరిగి నిలబడేదాన్నని చెప్పేదానివి కదా. అప్పుడు నవ్వుతూ విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పిల్లలందరి ముందు నువ్వు ఒక్కదానివీ ఎలా నెట్టుకొచ్చావో అని మనసు చివుక్కుమంటుంది.

చంటిది తాగే వేళలకే, ఇంచుమించు మూడు గంటలకొకసారి, గదిలోకి వెళ్తాను. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత ఊరుతుంది, నిండి ఉండిపోతే ఊట తగ్గిపోతుంది, కాబట్టి ఒక పూట తప్పితే ఆ పూటతో పోదు. ఒకరోజు మీటింగు సాగి సాగి లేవలేకపోయాను; సాయంత్రానికి రాయిలా గట్టిపడి, రాత్రికి చలిజ్వరం వచ్చింది. ఆ వారంలోనే మా పైఅధికారి, రోజూ ఇన్నిసార్లు ఎక్కడికి వెళ్తున్నావని అందరిలో అడిగారు. నేను దాచుకోకుండా చెప్పాను. తరువాత ఆయనే మీటింగుల వేళలు మార్చారు గానీ, ఆ అడిగిన తీరును నేను మరిచిపోలేదు.

మనసు స్థిమితంగా లేకపోతే పాలు చేపవు, పాలు పిండే పంపు ఎంతసేపు పెట్టినా రావు. కంగారు పడినకొద్దీ సీసా వైపు చూడటం, చూసినకొద్దీ కంగారు. మా ఆఫీసులో ఇద్దరు బిడ్డల్ని ఇలాగే పెంచిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ నా సీసాకు ఒక చిన్న మేజోడు తొడిగి, గీతలు కనపడనీయకు, పిల్ల వీడియో చూసుకుంటూ కూర్చో అన్నారు. అదే పనిచేసింది. చంటిది నిద్రలో పెదవులు చప్పరించే వీడియో ఒకటుంది, అది పెట్టుకుంటే చాలు, పంపు చప్పుడులో మార్పు వినిపించి పాలు ధారగా దిగుతాయి. ఇక్కడ నాకు అమ్మలాంటి మనిషి దొరకడం అంటే ఇదే. తలుపు మీద కాగితం అంటించి, నేను లోపలున్నంతసేపూ అటు ఎవరినీ రానివ్వనిదీ ఆవిడే.

నిలవ పాలు పిల్లకు పడతాయా అని కూడా అడిగావు. పడతాయి, భయం లేదు. పిండిన పాలు గది వాతావరణంలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో 6 నెలల దాకా బాగుంటాయి. ఫ్రీజర్‌లోవి కరిగాక 24 గంటల్లో వాడెయ్యాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదు. ప్రతి సంచి మీదా తేదీ, వేళ రాసి, ముందు పిండినవి ముందు వాడతాను. పిల్ల మాత్రం పగలు సీసాతో కొంచెమే తాగి, రాత్రంతా నన్ను అంటిపెట్టుకుని తాగుతుంది. ఉద్యోగానికి వెళ్ళే తల్లుల బిడ్డలు చాలామంది ఇలాగే చేస్తారని డాక్టరు చెప్పారు. నా కళ్ళ కింద నలుపు అందువల్లే. నిద్ర చాలదన్నది నిజమే, కానీ ఆ చీకట్లో అది నా వేలు పట్టుకుని తాగుతుంటే నాకు కష్టం తెలియదు.

ఇంకో సంగతి ఉంది. మొన్న సాయంత్రం నేను ఎత్తుకోగానే చంటిది, పగలంతా తనను చూసుకునే ఆవిడ వైపు చేతులు చాచింది. ఆవిడ మంచి మనిషి, బిడ్డకు అలవాటు కావడం మంచిదే, అన్నీ తెలుసు. అయినా కడుపులో ఏదో తిరిగినట్టయింది. స్నానం, నిద్ర, ఆటలు అన్నీ పగలు ఆవిడ చేతిలోనే. పాలు ఒక్కటే నేను లేనప్పుడు కూడా నానుంచి దానికి అందుతున్నది. అది కూడా తీసెయ్యమంటే నాకు ఏం మిగులుతుందమ్మా?

పోతపాలను నేను తక్కువ చేయడం లేదు. చిన్నాన్న కూతురికి పాలు పడలేదు, దాని కొడుకు ఎంత చక్కగా ఉన్నాడో చూశాం కదా, ఆ రోజుల్లో దాన్ని అందరూ అన్న మాటలు తప్పు. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలని, ఆ తరువాత ఆహారంతోపాటు రెండేళ్ళూ ఆపైనా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను అంతకాలం ఇవ్వగలనో లేదో మాట ఇవ్వను. మానాలనిపించిన రోజున నాకై నేనే మానతాను.

నిన్ను ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఫోను చేసిన ప్రతిసారీ పాలు చాలుతున్నాయా అని అడగవద్దు. పిల్ల బరువు సరిగ్గా పెరుగుతోంది, డాక్టరు సంతోషించారు. నువ్వలా అడిగిన రోజున, మర్నాడు ఆ గదిలో మేజోడు తీసి గీతలు చూడబుద్ధవుతుంది. దానికి బదులు, నేను తిన్నానా, పడుకున్నానా అని అడుగు.

వదినకు నెలలు నిండుతున్నాయి కదా. మన దేశంలో 2017లో చట్టం మార్చి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతపు సెలవు ఇచ్చారు. తిరిగి పనిలో చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలు 1961 నాటి చట్టం నుంచే ఉన్నాయి. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. వదిన మొహమాటస్తురాలు, తనంతట తాను అడగదు. సెలవు కాగితం ఇచ్చేటప్పుడే ఈ మూడూ రాతపూర్వకంగా అడగమని అన్నయ్యతో గట్టిగా చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి