అమ్మమ్మ కళ్లకి గ్లిట్టర్ వద్దురా

ఒరేయ్ శేషూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. ఇక్కడందరూ కులాసా. పనులు మామూలే, ఊపిరాడటం లేదు. నువ్వడిగిన మిగతావాటికి తర్వాత రాస్తాను. నువ్వు పంపిన ఇంగ్లీషు కథ గురించి మాత్రం ఇప్పుడే చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నాలుగో పేజీలో అమ్మమ్మ మనవణ్ణి చూడగానే ఆవిడ కళ్లు ‘గ్లిటర్డ్’ అన్నావు. ఇంగ్లీషు బాగా చదివేవాడికి ఆ ముసలావిడ పిల్లాడికేదో హాని తలపెట్టిందనిపిస్తుందిరా! గ్లిట్టర్‌లో చల్లదనం, గట్టిదనం ఉంటాయి. కళ్లకి తగిలించావంటే పగో, అత్యాశో, జ్వరమో గుర్తొస్తుంది. పక్కన ఎక్సైట్‌మెంట్ అని విడిగా రాస్తేనే మంచి అర్థం నిలుస్తుంది. మురిపెమైతే ‘స్పార్కిల్డ్’, లేదా హాయిగా ‘షోన్’ చాలు. కొంటెతనమైతే ‘ట్వింకిల్డ్’. ఇది తాతలకి బాగా నప్పుతుంది, మన పచ్చగొడుగు తాతగారి కళ్లకి అచ్చంగా సరిపోతుంది. నీళ్లు నిండితే ‘గ్లిసెన్డ్’. కోపం ఒక్క క్షణం వచ్చిపోతే ‘ఫ్లాష్డ్’. మనసులో పథకమేదో వేస్తుంటే కంట్లో ‘గ్లీమ్’. ‘గ్లింట్’తో జాగ్రత్త. అది హాస్యానికీ బెదిరింపుకీ కూడా వస్తుంది కాబట్టి, ఏదన్నది పక్క వాక్యమే తేల్చాలి. ఇక ‘గ్లేర్’ అంటే కళ్లు మెరవడం కానే కాదు, కోపంగా మిర్రిమిర్రి చూడటం. ఎనిమిదో పేజీలో పెళ్లికూతురు గ్లేర్ చేస్తోంది, చూసుకో!

అసలు ఇవన్నీ ‘మెరిసింది’ అని డిక్షనరీ ఒకే గాటన కట్టేస్తుంది, అదీ తంటా. అర్థం వెతక్కుండా ఆ వెలుగునే ప్రశ్నలడగాలి. సొంత వెలుగా, మీద పడి తిరిగొచ్చిందా? తడి ఉందా? నిలకడగా ఉందా, తునకలై చెదురుతోందా? సొంతదీ, మంటలేనిదీ, మెత్తనిదీ అయితే గ్లో: నిప్పుకణిక, లేత బుగ్గలు. నున్నటి లోహం మీద నిలకడగా ఉంటే గ్లీమ్. అదే లోహం మీద అంచు తిరిగినప్పుడు ఒక్కసారి తళుక్కుమంటే గ్లింట్, కత్తికి ఇదే. తడీ, నూనే, చెమటా ఉంటే గ్లిసెన్. వేయి చుక్కలు ఒకేసారి మెరిస్తే గ్లిట్టర్. అలల మీదా, పట్టు మీదా, ఎండకి వేడెక్కిన రోడ్డు మీదా గాలి వణికినట్టుండే మెత్తటి వెలుగు షిమ్మర్. బలహీనంగా, ఆరిపోతుందేమో అన్నట్టుంటే గ్లిమ్మర్.

ఇక నన్ను కూర్చోనివ్వని సంగతి. ఈ మాటల తోకలు చూడు: స్పార్కిల్, ట్వింకిల్, డాజిల్, గ్లిట్టర్, షిమ్మర్, గ్లిమ్మర్, ఫ్లికర్. ఆ ‘ల్’, ‘అర్’ తోకలు ఊరికే లేవు. పాత ఇంగ్లీషు నుంచీ పని మళ్లీ మళ్లీ జరుగుతోందని చెప్పే ప్రత్యయాలవి. స్పార్క్ ఒక్క రవ్వ, స్పార్కిల్ రవ్వల వాన. మనం మిలమిల, మిణుకుమిణుకు అని మాటనే రెట్టించి చెప్పేదాన్ని వాళ్లు చివర చిన్న తోకతో కానిచ్చేస్తారు. షైన్, గ్లో, గ్లీమ్, గ్లింట్, ఫ్లాష్‌లకి ఆ తోక లేదు. అవి నిలకడగా ఉండేవో, ఒక్కసారి మెరిసేవో. ఏది వాడాలో తోచనప్పుడు ముందు తోక చూడు, సగం పని అయిపోతుంది.

ఈ మాటల్లో చాలావాటి మొదట్లో ఉన్న ‘గ్ల’ సంగతి కూడా ఇలాంటిదే. శబ్దమే అర్థాన్ని మోసే ఇలాంటి ముక్కలకి 1930లో జె. ఆర్. ఫర్త్ ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టాడు. అలాగని ‘గ్ల’ కనబడగానే వెలుగనుకోకు. గ్లవ్, గ్లూ ఏం మెరుస్తాయి?

ఆకాశం దగ్గర కూడా నువ్వు తడబడ్డావు. సూర్యుడు గ్లిట్టర్ కాడు. ఆయన షైన్ అవుతాడు, బ్లేజ్ అవుతాడు; ఆయన వెలుగు పడిన నీళ్లు గ్లిట్టర్ అవుతాయి. శుక్రుణ్ణి ట్వింకిల్ చేయించావు. నక్షత్రం మన కంటికి ఒక్క బిందువు కాబట్టి గాలి కదలికకి దాని వెలుగు ఊగుతుంది. గ్రహం చిన్న బిళ్ల లాంటిది, ఆ ఊగులాట చాలావరకు సర్దుకుపోతుంది. కాబట్టి శుక్రుడికి ‘షోన్ స్టెడిలీ’ అని రాయి. ముత్యాల హారం ‘స్పార్కిల్’ అవ్వడం కూడా తీసెయ్. వజ్రం వెలుగుని బాగా వంచుతుంది (ఎంత వంచుతుందో చెప్పే అంకె, వక్రీభవన గుణకం, దానికి సుమారు 2.42), పైగా పలకలుంటాయి. అందుకే కదిలినప్పుడల్లా రవ్వలు చిమ్ముతుంది. ముత్యం వెలుగు పల్చటి పొరల్లోంచి మెత్తగా వస్తుంది. దానికి ‘లస్టర్’, ‘గ్లో’ అంటేనే అందం.

భూతకాలం: వెలుగు తానే ప్రకాశిస్తే ‘షోన్’, బూట్లు తుడిచి మెరిపిస్తే ‘షైన్డ్’. టార్చి వేయడానికి రెండూ చెల్లుతాయి. (టార్చి అనగానే నవ్వకు! ఆ కథ ఈ ఉత్తరంలో వద్దు.)

నిజమైన వెలుగు గురించి కాకుండా అలంకారంగా వాడేటప్పుడు ఈ మాటలకి జోడీలు ముందే కుదిరిపోయాయి, మార్చకూడదు. ఆశకి గ్లిమ్మర్, క్షణంలో పోయేదైతే ఫ్లికర్. గ్లిట్టర్ ఆఫ్ హోప్ అని ఎవరూ అనరు. మెచ్చుకునే సమీక్ష గ్లోయింగ్, కొట్టొచ్చినట్టు కనబడే తప్పు గ్లేరింగ్. నువ్వు ‘గ్లోయింగ్ మిస్టేక్’ అన్నావు, అంటే ఆ తప్పుకి సన్మానం చేసినట్టుంది! పైపై మెరుగు షైనీ, ఆదర్శప్రాయమైనది షైనింగ్. షైనీ ఎగ్జాంపుల్ అంటే నవ్వుతారు. గర్వంతో వెలిగిపోతే ‘గ్లో విత్ ప్రైడ్’, ఆ ‘విత్’ మరిచిపోకు. చెమటకీ అంతే, ‘గ్లిసెన్ విత్ స్వెట్’.

అన్నట్టు, మెరిసేదంతా బంగారం కాదన్న సామెతని పన్నెండో పేజీలో ‘గ్లిటర్స్’తో రాశావు. తప్పు కాదు, ఇప్పుడందరూ అలాగే అంటారు. కానీ షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఉన్నది ‘గ్లిస్టర్స్’. నీ పాత్ర నాటకం చూసొచ్చిన మాస్టారు కదా, ఆయన నోట ‘గ్లిస్టర్స్’ అనిపిస్తే బావుంటుంది. మిగతావాళ్లకి వద్దు, ఎందుకంటే...

అయ్యో, బయల్దేరాలిరా, ఇప్పటికే ఆలస్యం. షీన్, గ్లాస్ (అద్దం కాదు, gloss) తేడా మిగిలిపోయింది, అది పదిహేనో పేజీలో చీర దగ్గర కావాలి. ఆ పేజీ ఒక్కటీ ముట్టుకోకు, రేపు రాస్తాను.

నీ,
రవి