ట్రాప్, స్కీట్ గన్: బ్రాండు కంటే ముందు కొలత, ఆ తర్వాత సంరక్షణ

సంపాదకులు గారికి,

నమస్కారం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచింది. గాల్లోకి ఎగరేసే బిళ్లలను (క్లేలను) షాట్‌గన్‌తో పగలగొట్టే ఆటలే ట్రాప్, స్కీట్. ఆ ముగ్గురిలో మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ఒకరు. వ్యక్తిగత విభాగంలోనూ ఆయనకు కాంస్యం వచ్చింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ కొత్తగా రేంజ్‌కు వచ్చేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ గన్ కొనాలి?" ఈ ప్రశ్న చివర్లో రావాలి. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అవి తెలియక లక్షలు పోసి కొన్న తుపాకీ భుజానికి కుదరక బీరువాలో తుప్పు పడుతోంది. అందుకే ఈ ఉత్తరం.

మొదట ఏ ఆట ఆడతారో తేల్చుకోవాలి. ఒలింపిక్ ట్రాప్‌లో షూటర్‌కు 15 మీటర్ల ముందు గుంతలో 15 యంత్రాలు ఉంటాయి. ఏ యంత్రం నుంచి ఏ కోణంలో క్లే లేస్తుందో ముందే తెలియదు, లేచింది మాత్రం దూరంగా పోతూనే ఉంటుంది. క్లే అంటారు గానీ అందులో మట్టి ఉండదు. సున్నపురాయి పొడి, తారు కలిపి అచ్చు పోసిన బిళ్ల అది. వెడల్పు 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. మొదటి తూటా దాన్ని అందుకునేసరికి అది షూటర్‌కు 30-35 మీటర్ల దూరంలో ఉంటుంది. స్కీట్‌లో రెండు గూళ్ల నుంచి క్లేలు అడ్డంగా దూసుకొస్తాయి, ఎక్కువగా 20 మీటర్ల లోపే పగులుతాయి. ఈ తేడా వల్లే ట్రాప్ గన్‌కు 30-32 అంగుళాల బ్యారెల్ (గొట్టం), బిగుతైన చోక్ (గుళ్లు చెదరకుండా గొట్టం మూతిని ఇరుకు చేసే భాగం), కాస్త పైకి కొట్టే స్టాక్ (భుజానికి, చెంపకు ఆనే కలప భాగం) ఉంటాయి. స్కీట్ గన్‌కు 28-30 అంగుళాల బ్యారెల్, దాదాపు తెరిచినట్టుండే చోక్ చాలు. రెండూ ఆడి చూడాలనుకునేవాళ్లు 30 అంగుళాల బ్యారెల్‌తో, చోక్‌లు మార్చుకునే వీలున్న 12 బోర్ (గొట్టం లావు కొలత) ఓవర్ అండర్ తీసుకోవచ్చు. ఈ రకంలో గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి కంటికి ఒకే గీత కనబడుతుంది. కింది బ్యారెల్‌ను ముందు కాలిస్తే తన్ను (పేలినప్పుడు గన్ వెనక్కి కొట్టే దెబ్బ) నేరుగా భుజంలోకి వస్తుంది, గొట్టం మూతి తక్కువగా ఎగురుతుంది, రెండో తూటాకు వ్యవధి దొరుకుతుంది. బరువు ట్రాప్‌కు 3.6 నుంచి 4 కిలోల మధ్య ఉంటే మంచిది. తేలిక గన్ షాపులో చేతికి హాయిగా ఉంటుంది, 75 తూటాలు కాల్చాక భుజం వాస్తుంది.

ఇక కొలత. మేం అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. షాట్‌గన్‌కు వెనక సైట్ (గురి చూసే గుర్తు) ఉండదు, మీ కన్నే ఆ సైట్. చెంప స్టాక్ మీద ఎక్కడ ఆనితే కన్ను అక్కడ ఉంటుంది, తూటాలోని చిన్న సీసపు గుళ్లు అటే పోతాయి. ఖాళీ గన్‌ను రెండు సార్లు తెరిచి చూసుకుని, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, కళ్లు తెరవండి. రిబ్ (గొట్టం పైన పొడుగునా ఉండే పట్టీ) మధ్యలో ముందు బీడ్ (చివరన ఉండే చిన్న పూస) కనబడాలి. యాక్షన్ (గొట్టాలను మూసి పట్టే, పేల్చే యంత్రాంగం ఉండే ఉక్కు భాగం) వెనక వైపు తప్ప ఏమీ కనబడకపోతే చెంప ఆనే చోటు పల్లంగా ఉన్నట్టు. అప్పుడు షూటర్ తెలియకుండానే తల ఎత్తుతాడు, తన్ను వచ్చినప్పుడు స్టాక్ చెంపను కొడుతుంది. రిబ్ పొడుగునా మరీ ఎక్కువగా కనబడితే చెంప చోటు ఎత్తుగా ఉన్నట్టు. ముక్కుకూ బొటనవేలి మొదలుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. అంతకన్నా తక్కువైతే స్టాక్ పొట్టి, వేలు ముక్కును కొడుతుంది. గన్ ఎత్తేటప్పుడు స్టాక్ వెనక చివర చంకలో తట్టుకుంటుంటే స్టాక్ పొడుగు. మోచేతి మడతలో పెట్టి కొలిచే పాత పద్ధతి అంచనాకు తప్ప పనికిరాదు.

అద్దం ముందు సరిపోయినట్టు కనబడినది కాగితం మీద తేలుతుంది. 15 మీటర్ల దూరంలో మీటరున్నర కాగితం కట్టి, మధ్యలో చుక్క పెట్టి, బిగుతు చోక్‌తో ఐదు తూటాలు కాల్చండి. రైఫిల్‌లా గురి పెట్టకూడదు. క్లే వచ్చినప్పుడు ఎత్తినట్టే ఎత్తి, చుక్కను చూస్తూ కాల్చాలి. గుళ్ల గుంపు చుక్కకు 5 సెంటీమీటర్లు పైన ఉంటే ట్రాప్‌కు బాగున్నట్టే. ఎడమకు 5 సెంటీమీటర్లు పోతుంటే లోపం స్టాక్‌లో ఉంది. లెక్క సులువు: చెంప దగ్గర 1.6 మిల్లీమీటర్లు మారితే ఈ దూరంలో గుంపు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. కాబట్టి గుంపు ఎడమకు పోతే కుడిచేతి షూటర్ చెంప ఆనే వైపు 3 మిల్లీమీటర్ల కలప తీయించాలి. కింద పడుతుంటే చెంప చోటున గుడ్డ టేపు ఒక్కొక్క పొరగా అంటిస్తూ కాల్చి చూడాలి. గుంపు కుదిరిన తర్వాతే పనివాడి చేతికి ఇవ్వాలి. కలప తీయడం సులువే, మళ్లీ అంటించడమే కష్టం. పిల్లల కోసం స్టాక్ కోయించేవాళ్లు ఆ ముక్కను పారేయకండి, ఎదిగాక మళ్లీ బిగించుకోవచ్చు.

దీనికన్నా ముందు ఏ కన్ను బలమో చూసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న స్తంభానికి బొటనవేలు పెట్టి, ఎడమ కన్ను మూయండి. వేలు కదలకపోతే కుడి కన్ను బలం. కుడిచేతివాటం వాళ్లలోనూ ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు ఎడమ భుజానికి మారడమో, కళ్లద్దాల్లో ఎడమ అద్దం మీద, చూపు రిబ్ వైపు పోయే చోట చిన్న టేపు ముక్క అంటించడమో చేయాలి. ఈ సంగతి తెలియక గన్‌లు మారుస్తూ పోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇక్కడ ఇటలీ, జపాన్ గన్‌లు ఎక్కువగా చేతులు మారినవే దొరుకుతాయి. అలాంటివి కొనేటప్పుడు ముందు ఫోర్‌ఎండ్ (గొట్టాల కింద ముందు చెయ్యి పట్టుకునే కలప భాగం) తీసి, స్టాక్ పట్టుకుని బ్యారెల్‌ను ఊపండి. టకటకమని కదిలితే కీలు అరిగినట్టు. మూసినప్పుడు వెలుతురుకు పట్టి బ్యారెల్‌కూ యాక్షన్‌కూ మధ్య సందు చూడండి. కొత్త గన్‌లలో పై మీట మధ్య గీతకు కొంచెం కుడిగా ఆగుతుంది, అరిగే కొద్దీ మధ్యకు వస్తుంది. బ్యారెల్‌లో నుంచి కిటికీ వైపు చూస్తే లోపల వెలుతురు వలయాలు గుండ్రంగా ఉండాలి. ఎక్కడైనా వంకర తిరిగితే అక్కడ నొక్కో ఉబ్బో ఉంది. ఉబ్బిన బ్యారెల్ ఎంత చవకైనా వద్దు. స్టాక్ యాక్షన్‌తో కలిసే చోట వెంట్రుక పగుళ్లు వెతకండి. చోక్‌లన్నీ చేత్తో విప్పి బిగించి చూడండి. యాక్షన్, బ్యారెల్, ఫోర్‌ఎండ్ మీద నంబర్లు ఒకటేనా, లైసెన్స్ కాగితంతో సరిపోతున్నాయా అన్నది డబ్బు ఇచ్చే ముందే చూడాలి. ట్రిగ్గర్ సంగతీ అడగండి. కొన్ని గన్‌లలో మొదటి తూటా తన్నుతోనే ట్రిగ్గర్ రెండో గొట్టానికి మారుతుంది. 24 గ్రాముల తేలిక తూటాలతో, భుజానికి వదులుగా పట్టుకుంటే వీటిలో రెండోది ఒక్కోసారి పేలదు. పెరాజీ ఎమ్ఎక్స్8లో ట్రిగ్గర్ మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది, పోటీ మధ్యలో స్ప్రింగ్ విరిగితే మార్చుకోవచ్చు. కొత్తవాళ్లకు ఆ సౌకర్యం కోసం అంత ఖర్చు అవసరం లేదని మా అభిప్రాయం.

తాతల నాటి జోడు గొట్టాల తుపాకీతో క్లే కాల్చవచ్చా అని చాలామంది అడుగుతారు. జాగ్రత్త. పాత వాటిలో చాలా వాటికి ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే గది) 65 మిల్లీమీటర్లు. నేటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పడుతుంది, మూసుకుంటుంది కూడా. కానీ పేలినప్పుడు తూటా కొన దగ్గరి మడత విప్పుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. బ్యారెల్ కింద చదును భాగంలో ఛాంబర్ పొడుగు ముద్ర ఉంటుంది, చూసుకోండి. బ్యారెల్ మీద పొరలు పొరలుగా అల్లిక గీతలు కనబడితే అది నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటిది. దాన్ని గోడకే ఉంచండి.

తూటా అంతర్జాతీయ పోటీలకు 24 గ్రాముల సీసం మించకూడదు, అందులోని ఒక్కో గుండు వ్యాసం 2.6 మిల్లీమీటర్లు దాటకూడదు. 2.4 మిల్లీమీటర్ల గుళ్లయితే తూటాలో దాదాపు 300 ఉంటాయి. ఫుల్ చోక్‌తో 36 మీటర్ల దగ్గర 75 సెంటీమీటర్ల వలయంలో వాటిలో 70 శాతం, అంటే 210 పడాలి. ఒక్కసారైనా కూర్చుని లెక్కపెట్టండి. మధ్యలో క్లే పట్టేంత ఖాళీలు కనబడితే చోక్ గానీ తూటా గానీ మార్చాలి. ఒకే గన్ ఒక రకం తూటాను బాగా పరుస్తుంది, ఇంకో దాన్ని చెదరగొడుతుంది.

12 బోర్ వాడే సంచిలో 20 బోర్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. అది 12 బోర్ ఛాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, పైకి కనబడదు. పేలలేదనుకుని వెనక ఇంకో తూటా పెడితే బ్యారెల్ చేతిలోనే పగులుతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ అందుకే వచ్చింది. తడిసిన తూటా "ఫట్" మని నీరసంగా మోగితే వెంటనే ఆగి, గన్ తెరిచి, గొట్టంలో నుంచి వెలుతురు చూడాలి. ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే ముక్క) లోపలే ఆగి ఉండవచ్చు. అసలు పేలకపోతే మూతి మైదానం వైపే ఉంచి అర నిమిషం ఆగి తెరవాలి.

ఇప్పుడు సంరక్షణ. గన్‌తో వచ్చే పుస్తకాలు చలిదేశాల వాళ్లు రాసినవి. మన దగ్గర చెమట, వాన గాలి, విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి కూడా ఉన్నాయి. నీలిరంగు ఉక్కు మీద వేలిముద్ర రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. అందుకని రేంజ్ నుంచి కదిలే ముందే ఆయిల్ గుడ్డతో బయట తుడవాలి, ఇంటికెళ్లాక అనుకోకూడదు. ఇంట్లో మూడు భాగాలుగా విప్పి, ఛాంబర్ వైపు నుంచి ద్రావకం పట్టించి పది పదిహేను నిమిషాలు ఆగి, కంచు బ్రష్ నడపాలి. ప్లాస్టిక్, సీసం ఎక్కువగా పేరుకునేది ఛాంబర్ దాటిన వెంటనే, మళ్లీ చోక్ దగ్గర. పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, చివరికి పలచగా ఆయిల్. చోక్‌లు విప్పి మరలు తుడిచి కొద్దిగా గ్రీజు రాయాలి. రాయకపోతే వేడికీ మసికీ పట్టేసి, పానాతో తిప్పితే అంచు విరుగుతుంది. వదులైనా ప్రమాదమే. వదులు చోక్ వెనక వాయువు దూరితే బ్యారెల్ మూతి ఉబ్బుతుంది. ప్రతి 25 తూటాల రౌండ్ తర్వాత, గన్ తెరిచి ఖాళీ అని చూసుకుని, బిగుతు పరీక్షించుకోవాలి.

కీలు దగ్గర, బ్యారెల్ కొక్కెంలో, ఫోర్‌ఎండ్ ఇనుము మీద పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాలి. పాత గ్రీజులో ఇసుక చేరి ఉక్కును తినేస్తుంది. ఎజెక్టర్ (కాల్చిన ఖాళీ తూటాను బయటికి నెట్టే భాగం) కింద టూత్‌బ్రష్ వేయండి, ఒక్క కాలని మందు పలుకు చాలు గన్ మూసుకోకుండా ఆపడానికి. ఆయిల్ ఎక్కువ పోయడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు. గన్‌ను నిలబెట్టినప్పుడు ఆయిల్ జారి స్టాక్ తలలోకి ఇంకుతుంది. కలప మెత్తబడి, తన్నుకు తన్నుకు పగులుతుంది. తుడిచిన రోజు రాత్రి మూతి కిందికి పెట్టి ఉంచితే ఈ బాధ తప్పుతుంది. కొబ్బరి నూనె అసలు వద్దు, జిగురై స్ప్రింగులను పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 తడి తీయడానికే, కందెనగా నిలవదు. స్ప్రింగులు వదలడానికి ఉత్తి ట్రిగ్గర్ నొక్కకుండా స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వాడండి. నురగ సంచీలో గన్‌ను దాచకండి, తడి పీల్చి అందులోనే ఉంచుకుంటుంది. సంచీ ప్రయాణానికి మాత్రమే. బీరువాలో సిలికా జెల్ పెట్టి, వానాకాలంలో వారానికోసారి తీసి చూడాలి.

మిగతా సామాన్లలో ముందు కంటి అద్దాలు, చెవి రక్షణ. పగిలిన క్లే ముక్కలు గాలికి వెనక్కి వస్తాయి కాబట్టి పాలికార్బొనేట్ అద్దాలే ఉండాలి. మబ్బు రోజుకు పసుపు, ఎండకు లేత బూడిద రంగు నయం. చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ పెట్టుకోవాలి, పోయిన వినికిడి తిరిగి రాదు. వెస్ట్ భుజం దగ్గర నున్నగా, కుట్లు లేకుండా ఉండాలి. కాల్చాక చేతులు సబ్బుతో కడిగి గానీ టిఫిన్ ముట్టకూడదు, అది సీసం.

చివరిగా రెండు విన్నపాలు. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులను పోలీస్ స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో డిపాజిట్ చేయమంటారు. 2024లో కోడ్ మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం దాకా నడిచింది. అంతకాలం గోనెపట్టాల మధ్య పడి ఉన్న గన్ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇచ్చేవాళ్లు శుభ్రం చేసి, లోపలా బయటా పలచగా గ్రీజు రాసి, నురగ సంచీ లేకుండా నూలు గుడ్డలో చుట్టి ఇవ్వాలి. రసీదులో నంబర్ రాయించుకోవాలి. తిరిగి తీసుకోగానే గ్రీజు పూర్తిగా తుడిచి, గొట్టం చూశాకే తూటా పెట్టాలి. క్రీడాకారులకు మినహాయింపు కోరే వీలు ఉంది కాబట్టి ముందే దరఖాస్తు పెట్టుకోండి. డిపాజిట్ గదుల్లో ఒక చెక్క స్టాండు, తేమ తీసే ఏర్పాటు చేయమని రెండు రాష్ట్రాల పోలీసు శాఖలను కోరుతున్నాం.

రెండోది క్రీడా శాఖలకు. ట్రాప్, స్కీట్ ఉన్న ప్రతి రేంజ్‌లోనూ ఒక మూలన కాగితం కట్టే చట్రం, 15 మీటర్లకూ 36 మీటర్లకూ గీతలు, పక్కన తుడుచుకునే బల్ల పెట్టించండి. కొయ్యలు, ఇనుప చట్రం, తెల్ల కాగితం చుట్ట ఉంటే చాలు. కొత్త షూటర్ గన్ కొనకముందే క్లబ్ గన్‌తో అక్కడ ఐదు తూటాలు కాల్చుకుంటే తనకు ఏ కొలత కావాలో అర్థమవుతుంది.

ఇట్లు,
కొందరు ట్రాప్, స్కీట్ షూటర్లు,
హైదరాబాద్