బొమ్మని ఆపి చూడకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో జపాన్ అనిమే, అంటే ఆ దేశం వాళ్ళు తీసే బొమ్మల సినిమాలు, సీరియళ్ళ గురించి వచ్చిన ఉత్తరం చదివాను. రాసినాయన వాదన సూటిగానే ఉంది. గదినిండా బొమ్మలు, గోడనిండా పోస్టర్లు పెట్టుకుని బతికే పిచ్చి అభిమానులు, జపాన్‌లో ఒటాకులంటారే, వాళ్ళే అనిమేని భ్రష్టు పట్టించారని ఆయన మాట. వాళ్ళ కోసమే తీసీ తీసీ కథా పోయింది, బొమ్మా పోయిందట. అందులో సగం నాకూ ఒప్పుదలే. మిగతా సగానికి జవాబు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇంటర్ చదివే మా మనవడి పుణ్యమా అని ఈ అనిమేలన్నీ వాడి పక్కన కూర్చుని చూస్తున్నాను. కథల సంగతి వాడికి బాగా తెలుసు. గీత సంగతి నాకు కొంచెం తెలుసు.

ముందు పాత సంగతి ఒకటి. 1974లో జపాన్‌లో ఆదివారం రాత్రి ఏడున్నరకి రెండు చానళ్ళలో రెండు బొమ్మల సీరియళ్ళు పోటీ పడ్డాయి. ఒకటి ఆల్ప్స్ కొండల్లో తాత దగ్గర పెరిగే హైదీ అనే పిల్ల కథ. దానికోసం దర్శకుడు ఇసావో తకాహతా, ఇంకా పెద్ద పేరు రాని హయావో మియాజాకీ, బొమ్మల రూపం దిద్దిన యోయిచి కొటాబే ముందు ఏడాదే స్విట్జర్లాండ్ వెళ్ళి ఆ కొండలూ ఆ ఇళ్ళూ కళ్ళారా చూసి వచ్చారు. పొయ్యి సెగకి చీజ్ మెత్తబడి రొట్టె మీదికి జారే ముక్క ఒకటుంది అందులో. అది చూస్తే ఈ వయసులో కూడా నాకు నోరూరుతుంది. రెండోది అంతరిక్షంలో ఎగిరే యుద్ధనౌక యమాటో. జనం హైదీ వైపు పోయారు. యమాటోకి రేటింగులు రాక, అనుకున్నదానికన్నా ముందే 26 భాగాలతో మూట కట్టేశారు.

మరి యమాటో ఎలా బతికింది? పిచ్చి అభిమానులే బతికించారు. సంఘాలు పెట్టుకుని, ఉత్తరాలు రాసి, పత్రికలు అచ్చేసుకుని దాని పేరు చావనివ్వలేదు. 1977లో అదే సీరియల్ని కుదించి సినిమాగా విడుదల చేస్తే ముందురోజు రాత్రి నుంచే హాళ్ళ ముందు బారులు తీరారు. బెనిఫిట్ షోలు ఎరిగిన మనకి ఇదేం వింత కాదు. 1979లో వచ్చిన గుండమ్ అనే రోబోల సీరియల్‌దీ దాదాపు అదే కథ. 52 భాగాలనుకున్నది 43తో ఆపేశారు. ఆ తర్వాత అభిమానులు, వాళ్ళు ఎగబడి కొన్న ప్లాస్టిక్ మోడళ్ళు దాన్ని లేపి నిలబెట్టాయి. ఈ పిచ్చివాళ్ళే లేకపోతే ఇవాళ ఆ ఉత్తరం రాసినాయనకి తిట్టడానికి అనిమే ఉండేదో లేదో!

అభిమానులు చూసి ఊరుకోలేదు కూడా. 1981లో ఒసాకాలో జరిగిన ఒక సైన్స్ ఫిక్షన్ సభకి ప్రారంభ చిత్రం గీసింది హిడియాకి అన్నో, హిరోయుకి యమాగా, తకామి అకాయ్ అనే ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు. బొమ్మలు గీసే పారదర్శకమైన సెల్ షీట్లు కొనే స్తోమత లేక ప్లాస్టిక్ చుట్ట కొనుక్కుని, ముక్కలు కోసుకుని, వాటి మీద గీశారు. ఆ గుంపులోంచి పుట్టిందే గైనాక్స్ సంస్థ. 1995లో ఎవాంజెలియన్ అనే పేరుమోసిన సీరియల్ అక్కణ్ణుంచే వచ్చింది.

ఆ ఉత్తరంతో నేను ఏకీభవించే సగం కూడా ఇక్కడే మొదలవుతుంది. అన్నో కుర్రాడుగా ఉన్నప్పుడు 1984లో మియాజాకీ తీసిన నౌసికా సినిమాకి పనిచేశాడు. పేలుళ్ళు, యంత్రాలు, కరిగి కూలే రాక్షసుడు, ఇవి అతను గీస్తే కళ్ళు తిప్పుకోలేం. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం తడబడేవాడట. నాకిది వింతగా అనిపించలేదు. మా క్లాసులో ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో. చివరి కొన్నేళ్ళలో వచ్చిన పిల్లలు అనిమే మొహాలు ఎంత నున్నగా గీసేవాళ్ళంటే నాకే ముచ్చటేసేది. కళ్ళలో మెరుపు, గాలికి లేచిన జుట్టు, వాలు గెడ్డం, అన్నీ ఉండేవి. కిందికి చూస్తే చేతులుండేవి కావు. ప్యాంటు జేబుల్లో దూర్చేసేవాళ్ళు, లేకపోతే వీపు వెనక్కి కట్టేసేవాళ్ళు. చెయ్యి గీయడం కష్టం, అందుకు. ఇంటికెళ్ళి మీ అమ్మ చింతపండు పిసుకుతుంటే ఆ చెయ్యి గీసి పట్రమ్మని ఒక పిల్లకి చెప్పాను. మర్నాడు పట్టుకొచ్చింది. అయిదు వేళ్ళూ అనిమే వేళ్ళే, సన్నగా, కణుపుల్లేకుండా, గోళ్ళు మెరుస్తూ. వాళ్ళమ్మ చెయ్యి నేను చూశాను, పొలం పనికి పోయే మనిషి చెయ్యి. పిల్ల ఎదురుగా కూర్చుని కూడా ఆ చేతిని చూడలేదు. ఫోన్లో చూసి గీసింది.

2014లో మియాజాకీ ఒక ఇంటర్వ్యూలో మొరపెట్టుకున్నది ఇదే. అనిమే పరిశ్రమ నిండా ఒటాకులే చేరారని, ఎదుటి మనిషిని గమనించి చూసే అలవాటు లేనివాళ్ళు గీస్తున్నారని. ముసలాయన కోపం కొంచెం ఎక్కువే, అన్నోని చేరదీసింది కూడా ఆయనేగా. కానీ మాట అబద్ధం కాదు. మనకి బాపు ఉన్నాడు. బాపు బొమ్మని చూసి గీసినవాళ్ళు తెలుగునాట వేలల్లో ఉన్నారు. శుభలేఖల మీద, క్యాలెండర్ల మీద అదే వాలు జడ, అదే ఓరచూపు. బాపు మాత్రం మనుషుల్ని చూసి గీశాడు. తేడా అక్కడే వచ్చింది.

మన రాముడి బొమ్మే తీసుకోండి. 1993లో యుగో సాకో జపాన్, భారత్ కళాకారులతో కలిసి తీసిన రామాయణం 2025 జనవరిలో తెలుగులో కూడా హాళ్ళకొచ్చింది. పంచె ఎలా కట్టుకుంటారో, పిల్లలు పెద్దల దగ్గర ఆశీర్వాదం ఎలా తీసుకుంటారో మన యానిమేటర్లు దగ్గరుండి జపాన్ వాళ్ళకి చూపించారు. ఆ శ్రద్ధ తెర మీద కనిపిస్తుంది. రాముడు వంగి నమస్కరిస్తే ఉత్తరీయం ఎటు జారాలో అటే జారుతుంది.

ఇంతవరకూ ఆయనతో కలిసే నడిచాను. ఇక పేచీ. అసలు చెరుపు ఎవరు గీస్తున్నారన్న దగ్గర కన్నా, చూసేవాళ్ళు ఎలా చూస్తున్నారన్న దగ్గరే ఎక్కువ జరుగుతోందని నా అభిప్రాయం.

మా మనవడు ఒకరోజు ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఇది చూడు, ఎంత చెత్తగా గీశారో" అన్నాడు. నరుతో షిప్పుడెన్ అనే సీరియల్ 167వ భాగం, 2010లో వచ్చింది. అందులో పెయిన్ అనే విలన్ మొహం రబ్బరులాగా సాగిపోయి, కళ్ళు ఎటో జరిగిపోయి ఉన్న ఒక ఫ్రేము, అంటే ఆపితే కనిపించే ఒక్క బొమ్మ. దాన్ని ప్రపంచమంతా పంచుకుని నవ్వుకున్నారట. నేను వాణ్ణి కూర్చోబెట్టి ఆ పోరాటం మొత్తం ఆపకుండా చూపించమన్నాను. అబ్బ, ఏం గీశారండీ! టీవీ అనిమేలో సాధారణంగా సెకనుకి పట్టేది ఎనిమిది నుంచి పన్నెండు బొమ్మలు. అంత తక్కువలో దెబ్బ బరువు చూపించాలంటే మధ్యలో బొమ్మని సాగదీయాలి, నలపాలి, ఒక్కోసారి మొహాన్ని మొహంలా ఉంచకూడదు. కంటికి అది విడిగా ఆనదు, వేగంగా మాత్రమే ఆనుతుంది. అత్సుషి వకబయాషి బృందం ఆ భాగంలో చేసింది అదే. ఆపి చూస్తే అసహ్యం, నడిపించి చూస్తే ప్రాణం. ఆ ఫ్రేము సెకనులో చిటికెడు సేపు ఉండటానికి గీసింది. దాన్ని కత్తిరించి గోడకి కొట్టి, పోలిక కుదర్లేదని తిట్టడమేమిటి?

ముదురు అభిమాని కోరిక నాకు అర్థమవుతుంది. తనకి ఇష్టమైన మొహం ప్రతి ఫ్రేములోనూ పోస్టర్లో ఉన్నట్టే ఉండాలి. ఆ కోరిక తీర్చడానికి గీసేవాళ్ళు జంకి జంకి గీస్తే మొహం నిలబడుతుంది, కదలిక చచ్చిపోతుంది.

దీనికి నాకు తెలిసినంతలో మహా విడ్డూరమైన ఉదాహరణ గైనాక్స్‌లోనే జరిగింది. 2007లో గురెన్ లగాన్ సీరియల్ నాలుగో భాగాన్ని ఒసాము కొబయాషి తనదైన వంకర గీతతో తీశాడు. బొమ్మలు మారిపోయాయని ఇంటర్నెట్‌లో గోలగోల చేశారు. ఆ తిట్లు చదివి ఒళ్ళు మండిన సంస్థ మనుషులు వాళ్ళని చులకన చేస్తూ ఏదో రాశారు. అది పెద్ద రచ్చయి, చివరికి పదవి వదులుకున్నది ఎవరనుకున్నారు? తకామి అకాయ్. ప్లాస్టిక్ చుట్ట ముక్కలు కోసుకుని గీసిన ఆ ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు!

డబ్బు సంగతి ఎక్కువ సాగదీయను. రాత్రి పొద్దుపోయాక వేసే అనిమేలకి చాలాకాలం ఆధారం డిస్కుల అమ్మకాలే. రెండు భాగాలున్న డిస్కు ఆరేడు వేల యెన్లు. అంత పెట్టి కొనేది ముదురు అభిమానులే, కొన్ని వేలమంది కొంటే గట్టెక్కినట్టు. కాబట్టి వాళ్ళ అలకే చట్టమైపోయింది. 2008లో కన్నగి అనే జపాన్ బొమ్మల కథలో నాయికకి ఇదివరకు ఒక ప్రియుడు ఉన్నాడేమోనన్న సూచన వస్తే, పుస్తకాలు చింపి ఫోటోలు పెట్టినవాళ్ళున్నారు. పెట్టుబడి పెట్టే ప్రచురణకర్తలు, టీవీ వాళ్ళు, బొమ్మల కంపెనీలు కమిటీగా కూడి లాభాలు పంచుకుంటారు. గీసే స్టూడియోకి చాలాసార్లు కట్టిన కూలి మాత్రమే. 2015లో యానిమేటర్ల సంఘం ఇచ్చిన నివేదికలో మధ్య బొమ్మలు, అంటే ఒక ముఖ్య భంగిమకీ ఇంకోదానికీ నడుమ కదలిక చూపే బొమ్మలు, గీసేవాళ్ళ సగటు సంపాదన ఏడాదికి 11 లక్షల యెన్ల చిల్లర. టోక్యోలో ఆ డబ్బుతో ఎలా బతుకుతారు? బొమ్మ పాడవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు. ఆ ఉత్తరంలో దీని ఊసే లేదు.

ఒటాకుల కోసం తీస్తే బొమ్మ చెడుతుందన్న వాదనకి క్యోటో యానిమేషన్ వాళ్ళు ఎప్పుడో జవాబిచ్చేశారు. 2009లో వాళ్ళు తీసిన కె-ఆన్ చూడండి. స్కూలు పిల్లలు టీ తాగుతూ, కేకులు తింటూ, మధ్యమధ్యలో గిటారు వాయిస్తారు. కథంటే అంతే. ఒటాకులు ఎగబడి కొన్నారు. దర్శకురాలు నవోకో యమాదాకి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆమె తన పాత్రల కాళ్ళు గీయించిన తీరు చూస్తే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సిగ్గుపడితే పాదం లోపలికి తిరుగుతుంది, విసుగొస్తే మడమ నేలకి తగులుతూ ఉంటుంది. ఎక్కడో బస్టాపులో నిలబడి చూసిన కాళ్ళవి. తర్వాత 2016లో ఆమే తీసిన ఎ సైలెంట్ వాయిస్‌లో నాయిక చెవిటి పిల్ల, సైగలతో మాట్లాడుతుంది. అంటే సినిమా అంతా చేతులే! మా పిల్లలు జేబుల్లో దాచిన చేతులు. వేలు వణకడం, సైగ సగంలో ఆగిపోవడం, అన్నీ కనబడతాయి. ఆ స్టూడియో తన మనుషులకి నెల జీతమిచ్చి, సొంతంగా బడి పెట్టి నేర్పించుకుంటుంది. ఆ సినిమా పాత్రలకి రూపం దిద్దిన ఫుతోషి నిషియా 2019 జులై 18న ఆ స్టూడియోకి ఒకడు నిప్పుపెట్టినప్పుడు పోయిన 36 మందిలో ఉన్నాడు. అప్పుడు అభిమానులు దేశదేశాల నుంచి పంపిన విరాళాలు 330 కోట్ల యెన్లు దాటాయి. పిచ్చివాళ్ళని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు ఆ లెక్క కూడా చూడాలి.

ఇప్పుడీ అభిమానుల్లో మనమూ చేరాం. డీమన్ స్లేయర్ సినిమా 2025 సెప్టెంబరులో తెలుగులో వస్తే మా మనవడితో వెళ్ళాను. ఈలలు, కాగితాలు, అరుపులు, నాకేం అభ్యంతరం లేదు. 2023 నాటికి అనిమేకి జపాన్ బయటి నుంచి వచ్చే రాబడి లోపలి రాబడిని మించిపోయింది. డిస్కు కొనే నాలుగు వేలమంది మాటే చెల్లే రోజులు పోతున్నాయి, మంచిదే. కానీ మన పిల్లలు చేస్తున్నది ఏమిటి? కొత్త సీజన్ ఇంకా ఎందుకు రాలేదని కేకలు. అదే 2023లో జుజుత్సు కైసెన్ రెండో సీజన్ గీస్తున్నవాళ్ళు వ్యవధి చాలక నలిగిపోతున్నామని బాహాటంగా రాసుకున్నారు. మా వాడు ఆ భాగాలన్నీ చూశాడు గానీ ఈ సంగతి నేను చెప్పేదాకా వాడికి తెలియదు.

అందుకే మీకొక మనవి. మీ సినిమా పేజీలో అనిమే గురించి రాసినప్పుడు వసూళ్ళతో పాటు దర్శకుడి పేరు, ముఖ్య యానిమేటర్ల పేర్లు వేయండి. మొన్న మేం చూసిన హాల్లో పేర్లు పడటం మొదలవగానే లైట్లు వేసి తలుపులు తీసేశారు. కనీసం పేపర్లోనైనా చదువుకుంటాం. ఇక ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి నరుతో 167వ భాగాన్ని ఎక్కడా ఆపకుండా ఒకసారి చూడాలి. చూశాక కూడా ఆయన మాట అదే అయితే మళ్ళీ రాయమనండి, నేనూ రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచరు,
తెనాలి.