కంపాలా హ్యాకథాన్‌లో మాకు అండగా నిలిచిన అందరికీ

ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన ఏఐ హ్యాకథాన్‌లో (తక్కువ వ్యవధిలో ఒక యాప్‌ లాంటిది కట్టి చూపించే పోటీలో) మా టీమ్‌కు రెండో బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ఫోన్‌లు, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. చాలా సంతోషంగా ఉంది. స్టేజీ ఎక్కింది మేం నలుగురమే. కానీ ఆ పనిలో చెయ్యి వేసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో కొందరికి హ్యాకథాన్ అంటే ఏమిటో కూడా తెలియదు. పేర్లు రాస్తే మొహమాటపడతారు కాబట్టి పేర్లు లేకుండానే వాళ్ల గురించి చెబుతాను.

నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక మాట. మాది పెద్దాపురం దగ్గర పల్లె. నాన్నగారి ఉద్యోగం వల్ల ఉగాండా వచ్చాం. నేను ఇక్కడే ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తుంటాను. హ్యాకథాన్‌కు మేం ఎంచుకున్నది కర్రపెండలం. ఆకును ఫోన్‌తో ఫొటో తీస్తే తెగులేమిటో చెప్పే యాప్. మా వైపు ఈ దుంప ఎక్కువగా సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది. ఇక్కడ దీన్ని మువోగో అంటారు, ఉడకబెట్టుకుని కడుపునిండా తింటారు. 1990లలో మొజాయిక్ తెగులు (ఆకులు మచ్చలు పడి ముడుచుకుపోయే తెగులు) విరుచుకుపడి ఉగాండాలో ఊళ్లకు ఊళ్లే ఈ పంట పోగొట్టుకున్నాయి. ఇక్కడి పెద్దవాళ్లు ఆ రోజుల్ని ఇంకా మర్చిపోలేదు.

మొదటి నమస్కారం నేను ఎప్పుడూ కలవని మనుషులకు. మా మోడల్, అంటే యాప్‌లో తెగులును గుర్తుపట్టే ఏఐ ప్రోగ్రామ్, నేర్చుకున్నది 21 వేలకు పైగా ఆకుల ఫొటోల నుంచి. వాటిలో ఎక్కువ భాగం ఉగాండా రైతులు తమ తోటల్లో తామే తీసినవి. నములోంగెలోని జాతీయ పంటల పరిశోధన సంస్థ నిపుణులు, మాకెరెరె యూనివర్సిటీ ఏఐ ల్యాబ్‌తో కలిసి, ఏ ఆకుకు ఏ తెగులో గుర్తించి పెట్టారు. ఆ ఫొటోలు కాగుల్ (ఏఐ పోటీలు నడిపే వెబ్‌సైట్) పోటీ ద్వారా 2020లో ప్రపంచమంతటికీ అందాయి. ఎక్కడెక్కడివాళ్లో వాటితో మోడల్స్ కట్టారు. మేమూ కట్టాం. మోడల్ కట్టడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. ఒక్కో ఆకునూ చూసి పేరు పెట్టడమే అసలు కష్టం. ఆ పని ముందే ఎవరో ఓపిగ్గా చేసి ఉంచకపోతే మా నలుగురికీ చేయడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ ఫొటోల సంగతి మాకు సరిగ్గా అర్థమయ్యేలా చేసింది మా టీమ్‌లోని స్టాటిస్టిక్స్ అక్క. మొత్తం అయిదు రకాలు ఉన్నాయి: మొజాయిక్, గోధుమచార తెగులు, బాక్టీరియా తెగులు, ఆకుపచ్చ మచ్చల తెగులు (గ్రీన్ మాటిల్), ఆరోగ్యమైన ఆకు. అందులో 13,158 ఫొటోలు ఒక్క మొజాయిక్‌వే. అంటే ఏ ఫొటో చూపించినా కళ్లు మూసుకుని మొజాయిక్ అనే మోడల్‌కు కూడా నూటికి అరవై ఒకటి దాటి మార్కులు పడతాయి. అక్క అందుకే మొత్తం మార్కుల్ని పక్కన పెట్టించి, ఒక్కో తెగులును ఎంతవరకు పట్టుకుంటోందో విడివిడిగా చూపించమంది. జడ్జీలు మమ్మల్ని ఎక్కువసేపు అడిగింది కూడా దాని గురించే. అక్కా, నువ్వు అంత పట్టుబట్టినందుకు థాంక్స్.

ఇక డాక్టర్ గారు. మొక్కల తెగుళ్ల మీద ఏళ్ల తరబడి పని చేసిన మనిషి, టీమ్‌లకు సలహాలిచ్చే మెంటర్‌గా వచ్చారు. మా యాప్ చూపిస్తుంటే ఒక ఆకు మీద "ఆరోగ్యంగా ఉంది" అని వచ్చింది. మేం ముచ్చటపడుతుంటే ఆవిడ నెమ్మదిగా అడిగారు: "ఈ మాట చూశాక రైతు ఏం చేస్తాడు?" మాలో ఒకడు చెప్పాడు: "ఆ మొక్క కర్రలే కొట్టి వచ్చే పంటకు నాటుకుంటాడు." ఆవిడ తలూపి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అప్పుడు ఆవిడ చెప్పింది నేను ఎప్పటికీ మర్చిపోను. గోధుమచార తెగులు పట్టిన మొక్కకు పై ఆకులు పచ్చగా, శుభ్రంగానే కనిపించవచ్చట. అడుగున ముదురు ఆకుల్లో ఈనెల వెంట కాస్త పసుపు తిరుగుతుంది, అంతే. లోపల మాత్రం దుంప గోధుమరంగు మచ్చలు పడి ఎండు కుళ్లు పట్టి పాడవుతుంది. రైతుకు అది తవ్వినప్పుడు గానీ తెలియదు. తెల్లదోమ ఈ తెగులును చేను నుంచి చేనుకు మోస్తుంది. నాటే కర్రల ద్వారా మనుషులమే ఇంకా దూరం మోస్తాం. పై ఆకు ఫొటో ఒక్కటి చూసి మొక్క బాగుందని చెప్పే యాప్ రైతు చేత తెగులును నాటిస్తుంది.

ఆ రాత్రే ఆ మాటను యాప్‌లోంచి తీసేశాం. దాని బదులు ఇప్పుడు ఇలా వస్తుంది: "ఈ ఆకులో తెగులు కనపడలేదు. అడుగున ఉన్న ముదురు ఆకు కూడా ఫొటో తీయండి. కర్రలు కొట్టే ముందు ఒకటి రెండు మొక్కలు తవ్వి, దుంపను అడ్డంగా కోసి చూడండి." డెమోలో ఇలా సాగదీస్తే జడ్జీలకు నచ్చదేమోనని మాలో టెన్షన్ ఉంది. నచ్చినా నచ్చకపోయినా ఇదే ఉంచుదామనుకున్నాం. మా యాప్ మొత్తంలో మంచి పని ఏదంటే నేను ఈ మూడు వాక్యాలే చూపిస్తాను. అవి డాక్టర్ గారివి.

మా టీమ్ మిత్రుడి బాబాయి గారు కంపాలాకు ఉత్తరాన ఉన్న లువేరో వైపు రైతు. పని మానుకుని మరీ తోటలో యాప్ వాడి చూశారు. పాత ఫోన్, సిగ్నల్ అంతంత మాత్రం. ఫొటో పంపి జవాబు కోసం ఎదురుచూసే ఓపిక తనకు లేదని మొహం మీదే చెప్పారు. ఆ మాటతో మోడల్‌ను ఫోన్‌లోనే నడిపించాలని తేల్చుకున్నాం. ఇంకో మెంటర్ అన్న తెల్లవారేదాకా మాతో కూర్చుని క్వాంటైజేషన్ చేయించాడు. 32 బిట్లలో ఉన్న అంకెల్ని 8 బిట్లకు కుదిస్తే మోడల్ సైజు దాదాపు నాలుగో వంతుకు దిగింది, నెట్ లేకుండానే నడిచింది. బాబాయి గారికి చిన్న అక్షరాలు ఆనవు. అందుకని ఆ మిత్రుడి అమ్మగారు వాక్యాలన్నీ ఇక్కడి భాష లుగాండాలో తన గొంతుతో రికార్డు చేసి ఇచ్చారు. మేం రాసిచ్చిన వాక్యాలు చదివి, పెద్దవాళ్లతో ఇలా మాట్లాడరని రెండింటిని మార్చారు కూడా. మ్వెబలె న్యో (చాలా థాంక్స్), అమ్మా.

ఆఖరి రోజు నా లాప్‌టాప్ చార్జర్ కాలిపోయింది. పక్క టీమ్ వాళ్లు, మాతో పోటీ పడుతున్నవాళ్లే, తమది తీసి ఇచ్చారు. కంపాలాలోని వాండెగెయా నుంచి నన్ను ఎక్కించుకున్న బోడా (అద్దె బైక్) అన్న కొత్త చార్జర్ దొరికేదాకా షాపులన్నీ తిప్పాడు, ఎక్స్‌ట్రా ఇవ్వబోతే తీసుకోలేదు. మనవాళ్లలో ఒక ఆంటీ మా నలుగురికీ పులిహోర డబ్బాలు పంపారు. మా టీమ్‌లో మిగతా ముగ్గురూ ఇప్పటికీ దాని గురించే అడుగుతున్నారు.

పెద్దాపురం నుంచి మా పెదనాన్న వాట్సాప్‌లో పంపిన ఆకుల ఫొటోల గురించి కూడా చెప్పాలి. మొజాయిక్ మన దగ్గరా ఉంది కదా, మోడల్ గుర్తుపడుతుందేమో చూద్దామనుకున్నాం. కొన్నింటిని పట్టుకుంది, కొన్నింటి దగ్గర తడబడింది. అది నేర్చుకున్నది ఉగాండా తోటల ఆకులు, మన వైపు వేసే రకాలు వేరు. పెదనాన్నా, ఎండలో తిరిగి అన్ని ఫొటోలు తీసినందుకు నీకు దండాలు. అవి వృథా కావు.

బహుమతి డబ్బుల్లో కొంత పెట్టి లువేరో చుట్టుపక్కల మరికొన్ని తోటల్లో యాప్‌ను వాడించి చూడబోతున్నాం, డాక్టర్ గారు తోడు వస్తానన్నారు. పెద్దాపురం, జగ్గంపేట వైపు కర్రపెండలం వేసే రైతులు ఎవరైనా ఆకుల ఫొటోలు పంపగలిగితే, ఉద్యానశాస్త్రం చదివినవాళ్లు కూర్చుని వాటికి తెగులు పేరు పెట్టగలిగితే నాకు మెసేజ్ చేయండి. ఫొటోలో పై ఆకు ఒకటి, అడుగు ఆకు ఒకటి ఉండేలా చూడండి.