రంగం నుంచి ఉత్తరం

ఒరేయ్ సూరీ,

ఎట్టకేలకు బర్మాలోని రంగం, అదే రంగూన్, చూశానురా! ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గానీ, ఊరి నడిబొడ్డు మాత్రం ఇంకా ఇంగ్లీషువాళ్ళు గీసినట్టే ఉంది. 1852 యుద్ధంలో ఊరు చేజిక్కాక, సూలే పగోడాను మధ్యలో ఉంచి వీధులన్నీ నిలువుగా, అడ్డంగా వేసేశారు.

పాన్సోడాన్ వీధిలోనే సగం రోజు గడిచిపోయింది. 1911లో పూర్తయిన హైకోర్టు ఎర్రటి ఇటుకలతో, గడియారం గోపురంతో ఠీవిగా ఉంది. కానీ నా మనసు దోచింది సోఫేర్ బిల్డింగ్. బాగ్దాద్ యూదుల కుటుంబం 1906లో కట్టించింది. మాంచెస్టర్ నుంచి తెప్పించిన నేల పలకలు ఇంకా కాళ్ళ కిందే ఉన్నాయి!

పక్క సందుల్లో పాత మేడల మీంచి వీధిలోకి తాళ్ళు వేలాడుతుంటాయి. చివర ఒక క్లిప్పు. పేపరబ్బాయి పేపరు దానికి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంట్లోవాళ్ళు పైకి లాక్కుంటారు. ఎంతసేపు చూశానో!

1926లో కట్టిన స్కాట్ మార్కెట్టే ఇప్పటి బోజో ఆంగ్ సాన్ మార్కెట్. లుంగీలు, లక్క సామాను, కెంపులు, పచ్చరాళ్ళు. బేరగాళ్ళు రాయి వెనక టార్చిలైటు వేసి రంగు చూస్తారు. నేను మాత్రం ఏమీ కొనలేదు.

అయితే సూరీ, ఇక్కడ తిరుగుతుంటే మనవాళ్ళే గుర్తొస్తున్నారు. 1931 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో బస్తాలు మోసిన కూలీల్లో ఎక్కువమంది మన కోస్తావాళ్ళు. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి దింపాయి. రాజీ కుదిరి మనవాళ్ళని మళ్ళీ తీసుకోగానే వాళ్ళని పొమ్మన్నారు. దాంతో అల్లర్లు రేగి ఎంతోమంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. ఈ భవనాల గురించి చెప్పేటప్పుడు కట్టించినవాళ్ళ పేర్లు, ఆర్కిటెక్టుల పేర్లు చెప్తారు. ఈ ఊరికి అంత డబ్బు తెచ్చిన సరుకు మోసినవాళ్ళ ఊసే ఉండదు. నాకు చాలా కష్టమనిపించిందిరా.

మీ ముత్తాత ఇక్కడికే వచ్చాడన్నావు కదా? ఏ ఏడాది, ఏ పనిలో, ఏ వీధిలో ఉన్నాడో మీ నాయనమ్మనడిగి వెంటనే వాట్సాప్ చెయ్యి. రేపు స్ట్రాండ్ రోడ్డు వైపు, రేవు దాకా వెళ్తున్నాను. వీధి పేరు తెలిస్తే ఫోటోలు తీసి పంపిస్తా.

నీ
రాము