తమిన్ సా పీ బీ లా, అమ్మమ్మా?

సన్‌షైన్, మెల్‌బోర్న్
జూలై

అమ్మమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. చలి బాగా ఉంది, పాపకి జలుబు తగ్గింది. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఇది పిన్ని చదివి వినిపిస్తుందని తెలుసు, అయినా ఉత్తరం నీకే.

పోయిన వారం ఫోన్‌లో ఒక మాట అడిగావు. "ఏటే గుంటా, అక్కడ కూడా మనోళ్ళని పొమ్మంటన్నారటగా?" అని. "అదేం లేదు, నువ్వు టీవీ చూడకు" అనేసి మాట మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకెవరైనా అడిగితే ఆ జవాబు సరిపోయేది. 1964లో మెడలో గొలుసు కూడా తీయించుకుని, బర్మా వదిలి రంగూన్‌లో ఓడ ఎక్కిన మనిషివి నువ్వు. నీకు అలా చెప్పి ఉండకూడదు.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నిరుడు, 2025 ఆగస్టు 31న, వలసలు ఆపాలని ఇక్కడ ఆస్ట్రేలియాలో పెద్ద పెద్ద ఊళ్ళన్నిటిలో ఊరేగింపులు జరిగాయి. వాళ్ళ కరపత్రంలో మన పేరు తీసి మరీ రాశారు. గ్రీకులు, ఇటాలియన్లు వందేళ్ళలో ఎంతమంది వచ్చారో, అంతకంటే ఎక్కువమంది భారతీయులు 5 ఏళ్ళలో వచ్చారని. ఆ రోజు మేం పాపని తీసుకుని బయటికి వెళ్ళలేదు. భయమేసిందా అంటే, వేసింది. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు ఆ ఊరేగింపుల్ని తప్పుపట్టారు, అది కూడా నిజమే. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చున్న ప్రతి మనిషి ముఖంలోకీ చూస్తూ ఆఫీసుకి వెళ్ళాను. అలా చూడాల్సి రావడమే నాకు బాధ.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దావిడ గోడ మీంచి ఒక సంచీ నిండా నిమ్మకాయలు అందించింది. ఆవిడది మాల్టా. చిన్నప్పుడు అమ్మానాన్నలతో ఓడలో వచ్చింది. "మేం వచ్చినప్పుడు మమ్మల్నీ అన్నారు. తర్వాత వియత్నాం వాళ్ళని అన్నారు. ఇప్పుడు మిమ్మల్ని అంటున్నారు" అంది. మా వీధి చూస్తే ఆ మాట అర్థమవుతుంది. ఒకప్పుడు మాల్టా వాళ్ళు, ఇటాలియన్లు, గ్రీకులు. 1975 తర్వాత వియత్నాం వాళ్ళు. వాళ్ళ నూడిల్స్ కొట్ల మధ్యలో ఇప్పుడు మన కిరాణా షాపులు. కరివేపాకు, గోంగూర, దోసావకాయ అన్నీ దొరుకుతాయి.

ఆవిడ ఇంకో మాట చెప్పింది, అది నన్ను వదలడం లేదు. ఆవిడ స్కూల్లో ఉన్నప్పుడు టీచర్ వాళ్ళమ్మని పిలిచి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకబడిపోతుంది అని చెప్పిందట. వాళ్ళమ్మ విన్నది. ఈవిడ కొడుకులకి మాల్టా భాషలో వచ్చినవి నాలుగు తిండి పేర్లు, రెండు తిట్లు. భర్త పోయాక ఆ భాషలో మాట్లాడడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. "పిల్లితో మాట్లాడుకుంటున్నాను" అంది. నాకు నువ్వే గుర్తొచ్చావు. పెరట్లో తులసికోట దగ్గర నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణుక్కుంటుంటే, అమ్మమ్మ జపం చేసుకుంటోంది అనుకునేదాన్ని. అది జపం కాదు కదా?

భాషని గుమ్మానికి గొళ్ళెంలా వాడుకున్న దేశం ఇది. 1901లో ఒక చట్టం తెచ్చారు. తెల్లవాళ్ళు కానివాళ్ళు రాకూడదని అందులో ఎక్కడా రాయలేదు. ఓడ దిగినవాళ్ళకి 50 మాటల డిక్టేషన్ పెట్టొచ్చు అని రాశారు, అంతే. ఏ యూరప్ భాషలో పెట్టాలో అధికారి ఇష్టం. వద్దనుకున్న మనిషికి రాని భాష చూసి అందులో పెట్టేవాళ్ళు. 1934లో ఎగాన్ కిష్ అనే విలేకరి వస్తే, ఆయనకి చాలా భాషలు వచ్చని తెలిసి, స్కాట్లండ్ గేలిక్‌లో పెట్టారు. ఆయన కోర్టుకెక్కి గెలిచాడు. కోర్టుకెక్కలేని మామూలు జనం వెనక్కి పోయారు. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. తెల్లవాళ్ళకే చోటు అనే పద్ధతిని పూర్తిగా తీసేసింది 1973లో.

అదే దేశంలో నేను పీఆర్ కోసం, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం, తెలుగు పరీక్ష రాశాను! నీకు అప్పుడు సరిగ్గా చెప్పలేదు. ఇంగ్లీషువాళ్ళు చెప్పింది తెలుగులోకి, తెలుగువాళ్ళు చెప్పింది ఇంగ్లీషులోకి అప్పటికప్పుడు మార్చి చెప్పాలి. 90 మార్కులకి కనీసం 63 రావాలి, పాసైతే పీఆర్ లెక్కలో 5 పాయింట్లు కలుస్తాయి. నేను తెలుగే కదా అని ధీమాగా కూర్చున్నాను. ప్రాక్టీస్ చేస్తుంటే ప్రిస్క్రిప్షన్ అనే మాట దగ్గర నోరు ఆగిపోయింది. వైజాగ్‌లో పుట్టి పెరిగి, డాక్టర్ రాసిచ్చే కాగితాన్ని తెలుగులో ఏమంటారో తట్టలేదు. కేజీహెచ్ ఆసుపత్రికి బయల్దేరేముందు నువ్వు బీరువా మీద చెయ్యి పెట్టి తడుముతూ "నా మందుల చీటీ ఎవరు తీసేరర్రా" అని అరవడం గుర్తొచ్చింది. ఆ తర్వాత మా అమ్మ మాటలూ నీ మాటలూ తలుచుకుంటూనే చదివాను. నా 5 పాయింట్లలో నీ వాటా ఉంది.

మనవాళ్ళు ఇక్కడ బాగానే పెరిగారు. జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్ళు 2016లో సుమారు 34 వేలు, 2021లో సుమారు 59 వేలు. వినాయక చవితికి హాలు దొరకడం కష్టంగా ఉంది. కానీ అమ్మమ్మా, ఆ హాల్లో పిల్లలు ఒక మూల చేరి ఆడుకుంటుంటే వెళ్ళి వినాలి. ఇరవై మంది తెలుగు పిల్లలు, ఒక్కరి నోట తెలుగు ముక్క లేదు. మన పాప కూడా అంతే. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. "అన్నం తింటావా?" అంటే "నాట్ హంగ్రీ అమ్మా" అంటుంది. శనివారం తెలుగు క్లాసుకి పంపుతున్నాను, అక్షరాలు చక్కగా రాస్తుంది. ఏడుపొస్తే మాత్రం ఇంగ్లీషులోనే ఏడుస్తుంది.

తల లెక్క ఎక్కువుంటే భాష నిలుస్తుందని, మనమూ నిలుస్తామని ఇక్కడ చాలామందికి నమ్మకం. నాకు లేదు. 1931లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా మన దేశంవాళ్ళే కదా. రేవులో మూటలు మోసింది మన ఉత్తరాంధ్రవాళ్ళూ గోదావరివాళ్ళూ. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని కొరంగీలనేవారని నువ్వే చెప్పావు. 1930లో రేవు కూలీల గొడవల్లో మీ అయ్య మూడు రోజులు బియ్యం గోడౌన్‌లో దాక్కున్నాడని కూడా చెప్పావు. అంతమంది ఉండి కూడా ఏమైంది? 1942లో లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచారు. మిగిలినవాళ్ళ కొట్లని 1964లో ప్రభుత్వం తీసేసుకుంది, 50, 100 చాట్ల బర్మా నోట్లు చెల్లవంది, మీరు ఓడెక్కారు. అందుకే నువ్వు అడిగినదానికి "ఎప్పటికీ అలా జరగదు" అని నేను ఒట్టేసి చెప్పలేను. మీలో చాలామందికి అక్కడ పరాయి దేశస్థుల కార్డే ఉండేది, నాకు ఇక్కడ పౌరసత్వం ఉంది, ఓటు ఉంది. తేడా అదొక్కటే, అది చిన్న తేడా కాదు. ధైర్యంగా ఉండు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల వెర్రిబీలో ఒక పార్కుకి వెళ్ళాం. ఉయ్యాల దగ్గర ఒకావిడ తన పాపని ఊపుతోంది. రెండు బుగ్గల మీదా పసుప్పచ్చగా, ఆకు ఆకారంలో, ఆరిపోయిన పూత. థనకా, బర్మాలో ముఖానికి రాసుకునే చెక్క గంధం! నీ పెట్టె అడుగున ఉన్న ఆ గుండ్రటి రాయి, దాని అంచు చుట్టూ కాలవ, చుక్క నీళ్ళు పోసి నువ్వు కర్ర అరగదీస్తుంటే వచ్చే ఆ చల్లటి వాసన, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. నాకు వచ్చిన బర్మా మాట ఒక్కటే, అన్నం తిన్నావా అని, అదే అనేశాను. "తమిన్ సా పీ బీ లా?"

ఆవిడ చేతిలో ఉయ్యాల ఆగిపోయింది. నవ్వింది, జవాబు చెప్పింది, అది నాకు అర్థం కాలేదు. తర్వాత ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. ఆవిడ బర్మాలోని కరెన్ జాతి మనిషి. థాయ్ సరిహద్దులో కాందిశీకుల క్యాంపులో పెరిగి ఇక్కడికి వచ్చింది. "బర్మీస్ మా ఇంటి భాష కాదు, మా పెద్దవాళ్ళకి బడిలో బలవంతంగా నేర్పినది. కానీ అన్నం తిన్నావా అని ఎవరడిగినా బాగానే ఉంటుంది" అంది. నువ్వు వెనక్కి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే భాష ఆవిడకి మీద పడ్డ భాష. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

ఆ రాత్రి నాకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నీకు గుర్తుందో లేదో. నేను ఎనిమిదో తరగతి. ఫ్రెండ్స్ ఇంటికొచ్చారు. నువ్వు బుగ్గలకి థనకా రాసుకుని గుమ్మంలో కూర్చున్నావు. ఒకమ్మాయి "మీ అమ్మమ్మ ముఖానికి సున్నం రాసుకుందేటి?" అని నవ్వింది. నేను నీ దగ్గరికొచ్చి "కడిగేసుకో అమ్మమ్మా, సిగ్గేస్తోంది" అన్నాను. నువ్వు ఏమీ అనలేదు. కుళాయి దగ్గరికెళ్ళి కడుక్కున్నావు, కొంగుతో తుడుచుకుని మా అందరికీ టీ పెట్టావు. నన్ను క్షమించు. ఇరవై ఏళ్ళు దాటింది, ఈ మాట చెప్పడానికి సముద్రం దాటి రావాల్సి వచ్చింది.

అమ్మ చెప్పింది, వైజాగ్‌లో బర్మా నుంచి వచ్చినవాళ్ళుండే బర్మా క్యాంపుకి వచ్చిన కొత్తలో కంచరపాలెంలో మిమ్మల్ని "బర్మావోళ్ళు" అనేవారట. నీ తెలుగు యాసకి నవ్వేవారట. అందుకే పిల్లలకి బర్మీస్ ఒక్క ముక్క నేర్పలేదు కదా నువ్వు? తాతయ్యతో కూడా పిల్లలు పడుకున్నాకే మాట్లాడేదానివని అమ్మ అంటుంది.

పిన్నీ, ఇది నీకు. మొన్న ఫోన్‌లో మన వీధిలో ఎవరు ఎక్కడివాళ్ళో తెలియట్లేదు, అంతా బీహారోళ్ళు, ఒడిశావోళ్ళు అన్నావు. కోపగించుకోకు. నాకు నీ మీద ఎంత ప్రేమో నీకు తెలుసు. పానీపూరీ బండి అబ్బాయి "అక్కా, కారం ఏయమంటారా?" అని మన యాసలో అడుగుతాడని నువ్వే చెప్పావు. ఈసారి వాళ్ళ ఊరు ఏదో అడుగు. నేను బస్సెక్కినప్పుడు ఎవరైనా నన్ను అలా అడిగితే బాగుండునని రోజూ అనుకుంటాను.

అమ్మమ్మా, ఒక్క కోరిక. ఆదివారం మీకు పొద్దున్న 10 గంటలకి, అంటే మాకు మధ్యాహ్నం రెండున్నరకి, ఫోన్ చేస్తాను. పాపతో సగం తెలుగు, సగం బర్మీస్ మాట్లాడు. తప్పులొస్తాయని, మర్చిపోయానని అనకు. నీకు తెలుగు చదవడం రాదని ఎప్పుడూ నామోషీ పడతావు, బర్మా అక్షరాలు వచ్చు కదా. నీ పేరు, మీ అయ్య పేరు, మీ వీధి పేరు ఆ అక్షరాల్లో ఒక కాగితం మీద రాయి, పిన్ని ఫొటో తీసి పంపుతుంది. పాపకి ఆ లిపి చూపిస్తే "తెలుగులాగే రౌండ్‌గా ఉందమ్మా" అంది. తాతమ్మ పేరు అలాగే రాసి నేర్చుకుంటానంటోంది.

మీ బర్మా నూడిల్స్ పులుసు, మొహింగాలో అరటి దూట ముందే వేయాలా, చేపల పులుసు మరిగాకా? శనగపిండి ఎంత? ఇక్కడ దూట వియత్నాం వాళ్ళ కొట్లో దొరికింది. కొని ఫ్రిజ్‌లో పెట్టాను, ఆదివారం దాకా ఆగుతుంది.

నీ మనవరాలు