ఎర్రకారం తిన్న కాకతీయ వీరుడు

సంపాదకులకు,

తెలుగులో ఫాంటసీ నవల రాసేవాళ్లు మంత్రాల మీద పెట్టినంత శ్రద్ధ వంటింటి మీద పెట్టరు. ఓరుగల్లు కోట మీద ఏనుగంత గండభేరుండం వాలిందంటే నమ్ముతాం. కోట కింద పూటకూళ్లింట్లో వీరుడు ఎర్రకారం కలుపుకుని తింటేనే చిక్కు. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. మిరపను తెచ్చిన పోర్చుగీసువాళ్లు మన దేశంలో దిగిందే 1498లో. అప్పటి ఘాటు ఎక్కువగా మిరియాలదే. టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న, పల్లి కూడా అప్పటికి లేవు. గుర్రాలదీ ఇదే కథ. ఒకే గుర్రం రోజూ 40–50 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. రాత్రికి రాత్రి 200 దాటించాలంటే దారిలో గుర్రాలు మార్చే మజిలీలు పెట్టాలి.

అసలు మనకు అద్భుతాలు అరువు తెచ్చుకునే అవసరమే లేదు. రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్లలో తేలుతుంది. లోపలి గాలి గుల్లల వల్ల అది నీటికన్నా తేలిక. ఈ కారణం చెప్పినా అద్భుతం తగ్గదు.

సైన్స్ ఫిక్షన్‌లో తప్పులు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. అంగారకుడి నుంచి ఫోన్‌లో గొడవపడే దంపతులను రాస్తారు. మాట అటు చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకు మళ్లీ అంతే. ఆ ఎడబాటునే కథగా మలిచేవాళ్లు తక్కువ. అక్కడ గురుత్వం మన దాంట్లో 38 శాతమే, కాబట్టి 50 కిలోల బియ్యం బస్తా 19 కిలోల బరువే అనిపిస్తుంది. దాన్ని మోయలేక ఆయాసపడే హీరోను మాత్రం దయచేసి రాయకండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ